ఇంకొక్కటి

బొగ్గు లారీ డ్రైవర్ రవళిని ఒక్క మాట అనలేదు. బండి రోడ్డు మధ్యలోనే వదిలేసి, నేరుగా ఓదెలు క్వార్టర్ ముందుకొచ్చి మంచినీళ్ళు అడిగి తాగాడు.

“అన్నా, నీ బిడ్డ నా బండి ముందటికొచ్చి సుత తలకాయ ఎత్తలే. హారన్ కొట్టిన. కొడితే ఏం జేసిందో ఎరికేనా? ఫోన్ల సౌండు పెంచింది.”

ఫస్టు షిఫ్టు దిగొచ్చి అప్పుడే ఒళ్ళు తోముకుంటున్న ఓదెలు సబ్బు నురగతోనే నిలబడిపోయాడు. డ్రైవర్ వెనకాలే రవళి వచ్చింది. లారీ ముందుభాగం తగిలిన మసి చున్నీ మీద అడ్డంగా చారలా పడి ఉంది. చెప్పులు విప్పి, వాళ్ళిద్దరి మధ్య నుంచే ఇంట్లోకి పోయింది. బొటనవేలు ఫోన్ అద్దం మీద ఆడుతూనే ఉంది.

“ఏం కాలే గదా,” అంది. ఎవరితో అందో ఎవరికీ తెలియదు.

పదిహేడేళ్ళ పిల్ల. టెన్త్‌లో బడి మొత్తానికి ఫస్టు వచ్చిన పిల్ల. ఇప్పుడు కాలేజీ లేదు, స్నేహితులు లేరు, తల దువ్వుకోవడం కూడా లేదు. ఓదెలు ఒకసారి ఆ ఫోన్ లాక్కుని రోలు మీదేసి పగలగొట్టాడు. దానికి రవళి తన తల్లి మీద చెయ్యి చేసుకుంది. తర్వాత తిండి మానేసి, గోడకు ఆనుకుని, ఖాళీ అరచేతి మీద వేలితో రుద్దుకుంటూ కూర్చుంది. చూడలేక ఆ దెబ్బలు తిన్న తల్లి భూలక్ష్మే ఇంకొకటి కొనిచ్చింది. కౌన్సెలింగ్ అన్నారు, గోలీలన్నారు, తాయెత్తన్నారు. ఆ ఫోన్లలో ఆటలూ బొమ్మలూ పెట్టినవాళ్ళు ఎక్కడో చల్లటి గదుల్లో కూర్చుని, పిల్లల మెదడు ఎక్కడ గిల్లితే ఎటు తిరుగుతుందో లెక్కగట్టి మరీ పెట్టారట. వాళ్ళకు ఎదురుగా నిలబడ్డది ఎవరయ్యా అంటే, ఏడో తరగతిలో బడి మానేసిన ఒక బొగ్గు బాయి మనిషి, బీడీలు చుట్టే ఒక ఆడమనిషి. ఆ కుస్తీ ఎంతసేపు సాగుతుంది?

లారీ సంగతి జరిగిన కొద్ది రోజులకే కాలనీ కమ్యూనిటీ హాల్లో డాక్టర్ నీలవేణి వాళ్ళు దిగారు. నగరంలో ఫోన్ యావ మీద పనిచేసే ఏదో పరిశోధన సంస్థ. ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. టేబుల్ మీద రెండు గాజు పెట్టెలు పెట్టి, రండి, చూడండి అంది.

ఒక పెట్టెలో ఎలుక ఒక మీటను నొక్కుతోంది. నొక్కితే ఒకోసారి గింజ పడుతుంది, ఒకోసారి పడదు. గింజలు పక్కన కుప్పపడి ఉన్నా తినడం లేదు. నొక్కుతూనే ఉంది. పంజా చర్మం ఊడిపోయింది. రెండో పెట్టెలో దాని తల్లి. ఆ పెట్టెలో మీట లేదు, ఏమీ లేదు. డాక్టరమ్మ రెండింటి తలలకూ సన్నటి తీగలు తగిలించి యంత్రం ఆన్ చేసింది. తుమ్మెద తిరుగుతున్నట్టు కాసేపు చప్పుడైంది. మొదటి ఎలుక మీట వదిలేసి, గింజలు నాలుగు తిని, ముడుచుకుని పడుకుంది. తల్లి ఎలుక లేచి పెట్టె నాలుగు మూలలూ వెతికింది. వెతికి వెతికి అలసిపోయి అదీ కూలబడింది.

“యావను చంపే మందు మా దగ్గర లేదండి,” అంది నీలవేణి. “ఒక తలలోంచి తీసి, రక్తసంబంధం ఉన్న ఇంకో తలలో పెట్టగలం, అంతే. అక్కడ మేత దొరక్కపోతే అదే ఎండిపోతుంది. మీరు రోజూ షిఫ్టంతా భూమి కింద ఉంటారు. గేటు దగ్గర జేబులు తడిమి గానీ లోపలికి పంపరు. ఫోన్ పోదు, సిగ్నల్ పోదు. ఇంతకంటే మంచి ఖాళీ పెట్టె నాకెక్కడ దొరుకుతుంది?”

వెనక నిలబడ్డ సర్దార్ యాకూబ్ ఓదెలు చెవిలో, “నీ తలకాయ ఖాళీ అని మేడానికి ఎవలు జెప్పిండ్రన్నా? నేనైతే చెప్పలే,” అన్నాడు. యాకూబ్ ఆ షిఫ్టులో మనుషుల క్షేమం చూసే సర్దార్. ఓదెలుకు వయసులో తమ్ముడు, చనువులో అంతకంటే ఎక్కువ.

ఓదెలు నవ్వలేదు. “నాకు పెట్టుండ్రి,” అన్నాడు.

“మనుషుల మీద ఇది కొత్త. ఆలోచించుకోండి. భారమంతా మీ మీదే ఉంటుంది.”

“బిడ్డ బరువు బాపు ఎత్తుకుంటడు. గిందుల ఆలోచించేదేమున్నది మేడం?”

బాయిలో అంతే. ఒకడి నడుం పట్టేస్తే పక్కవాడు వాడి బొగ్గు టబ్బు కూడా నింపుతాడు. ఎవడూ అడగడు, ఎవడూ చెప్పుకోడు. ఇదీ అట్లాంటి బరువే అనుకున్నాడు ఓదెలు. బొగ్గు ఎక్కడ పోస్తే అక్కడ పడి ఉంటుంది. ఇది పడి ఉండేది కాదని అతనికి ఎవరు చెప్పాలి?

రెండు కుర్చీలు, రెండు టోపీలు. రవళి ఆఖరి నిమిషం దాకా ఫోన్ వదల్లేదు.

“నొప్పయితదా?” అనడిగింది డాక్టర్ని.

“నీకు కాదమ్మా.”

రవళి తల ఎత్తి తండ్రి వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళు నేరుగా చూసి ఎన్నాళ్ళయిందో ఓదెలుకు గుర్తు లేదు. “బాపుకైతదా?” అంది. ఆ మాటకు జవాబు వచ్చేలోపే యంత్రం మొదలైంది.

ఇంటికొచ్చి రవళి మర్నాటి మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. లేచి అన్నం పెట్టుకుని తిని, మారు వడ్డించుకుంది. “అమ్మా, గా ఫోన్ ఎక్కడ పెట్టిన?” అనడిగి, తల్లి గుండె పట్టుకుని చూస్తుండగానే ఆ సంగతి మరిచిపోయి వాకిట్లో తల దువ్వుకోవడానికి కూర్చుంది. వారం తిరక్కుండానే కాలేజీకి పోయింది. ఇంట్లో మళ్ళీ మనిషి గొంతు వినబడింది. భూలక్ష్మి వీధిలో కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకుని మురిసింది.

ఓదెలు చెయ్యి మాత్రం ఊరికే జేబులోకి పోయేది. జేబులో అతని మీటల ఫోను తప్ప ఏమీ ఉండేది కాదు. దాన్ని తెరిచి మూసేవాడు. దాంట్లో చూడ్డానికి ఏముంది? డాక్టరమ్మ ఫోన్ చేసి, “దానికి ఆకలేస్తోందండి, పస్తు పెట్టండి,” అంది. పెట్టాడు. పస్తులు అతనికి కొత్త కాదు.

బాయిలో ఓదెలు పని పైకప్పు మోగించడం. షిఫ్టు బాయిలోకి దిగగానే అందరికంటే ముందు పోయి, ఇనుప కడ్డీతో కప్పును తట్టి చెవి పెడతాడు. గట్టి రాయి గంటలా మోగుతుంది. లోపల వీడిన రాయి డొల్లగా పలుకుతుంది. డొల్ల వినబడితే సుద్దతో గీటు పెట్టి, సర్దార్‌కు చెప్పి, ఆ చోటికి అడ్డంగా తాడు కట్టి, కప్పుకు ఆసరాగా కింద దిమ్మెలు నిలబెట్టించాలి. అతను మోగించి సరే అన్న చోటికి మనుషులు పైకి చూడకుండా పోతారు.

ఒకరోజు అట్లా తడుతుండగా, ఒక తట్టుకూ ఇంకో తట్టుకూ మధ్య, ఓదెలు లోపల ఏదో చెవులు నిక్కబొడుచుకుని లేచి కూర్చుంది. తట్టాడు. గట్టిగా మోగింది. పక్కది ఎట్లా మోగుతుందో? తట్టాడు. అదీ గట్టిదే, కానీ కొంచెం వేరు. దాని పక్కది? ప్రాణం జివ్వుమంది. ఇన్ని రోజులూ ఎండిపోతోందని డాక్టరమ్మ అనుకుంటున్నది ఎండలేదు, వెతుక్కుంటోంది. దానికి కావలసింది ఫోన్ కానే కాదు. తర్వాతిది ఏమిటో తెలియకపోవడం, అంతే. అది ఈ చీకట్లో, నెత్తి మీద, మైళ్ళ పొడుగున పరుచుకుని ఉంది.

“మైసమ్మకు మద్దెల కొడ్తున్నవా ఏందన్నా?” యాకూబ్ ల్యాంపు వెలుగు మొహం మీద పడింది. “పొద్దటి సంది గీడనే ఉన్నవ్. అవుతల పోరగాండ్లు నీ కోసం కూసున్నరు.”

“ఇంకొక్కటి, యాకూబ్.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనికి తెలిసింది, అది తన మాట కాదని. అన్నానికి పిలిచినప్పుడల్లా లోపలి గదిలోంచి రవళి అనే మాట. తెలిసి కూడా కడ్డీ ఎత్తాడు.

ఆదివారం డ్యూటీలు అడిగి వేయించుకున్నాడు. షిఫ్టు అయిపోయినా అందరికంటే ఆఖర్న పైకొచ్చేవాడు. ఇంట్లో గోడలు తట్టేవాడు, మంచం కోళ్ళు తట్టేవాడు. “గోడల బంగారం దాసినమా ఏంది, గట్ల కొట్టి సూస్తున్నవ్?” అని భూలక్ష్మి నవ్వింది. రవళి నవ్వలేదు.

ఒక మధ్యాహ్నం తల్లి బయటికి పోయినప్పుడు అన్నం పెట్టి, తండ్రి ఎదురుగా కూర్చుంది. ఓదెలు స్టీలు గ్లాసు అంచును గోటితో కొడుతున్నాడు.

“బాపు, తిను.”

“ఊఁ.”

“బాపు.”

“ఊఁ.”

“చెవులకు ఇనబడ్తది, లోపలికి పోదు. గంతే గదా?” అంది రవళి మెల్లగా. “నీ కండ్లు నా కండ్ల లెక్కయినయి. ఎప్పుడు మొదలయింది?”

“ఏం లేదు బిడ్డా.”

“నేను సుత గట్లనే అంటుంటి.”

గోరు ఆగింది. “మేడానికి చెప్తే మల్ల నీకే పెడ్తరు,” అన్నాడు ఓదెలు.

ఆ పిల్లకు కాలేజీ బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం, పాఠం అర్థం కావడం, ఆకలి వేయడం అప్పుడప్పుడే తిరిగొచ్చాయి. కంచంలో ఇంకొంచెం కూర వేసి, లేచి పోయింది. డాక్టర్‌కు తండ్రీ చెప్పలేదు, కూతురూ చెప్పలేదు.

బాయిలో మూడో లెవల్ మలుపు దగ్గర ఓదెలుకు డొల్ల దొరికింది. అన్నేళ్ళ నౌకరీలో అట్లాంటి మోత వినలేదు. తట్టినప్పుడల్లా లోపలెక్కడో ఒక పొర కదిలి, ఒకసారి పలికినట్టు ఇంకోసారి పలికేది కాదు. సుద్ద జేబులోంచి తీశాడు. గీటు పెడితే యాకూబ్ వస్తాడు, తాడు కడతారు, దిమ్మెలు పెడతారు, ఈ మోత ఇక ఉండదు. ఇంకొక్కటి విని చెబుదాం అనుకున్నాడు. సుద్ద మళ్ళీ జేబులోకి పోయింది. మర్నాడు కూడా అట్లాగే పోయింది.

ఆ మర్నాడు యాకూబ్ తనే వెతుక్కుంటూ వచ్చాడు. కప్పు వైపు చూడనైనా లేదు. ఓదెలు నిలబడ్డ చోటు కదా, చూడాల్సిన పనేముంది?

“ఎంతసేపన్నా? చాయ్ సల్లారింది, ఇగ రా,” అని నాలుగడుగులు లోపలికి వేశాడు.

కప్పు దిగింది. ఓదెలు అంచున ఉన్నాడు, దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు. యాకూబ్ కాలు రాయి కింద ఉండిపోయింది.

ఆ కాలు మోకాలి కిందికి తీసేశారు. ఆస్పత్రిలో ఓదెలు మంచం పక్కన నిలబడితే, యాకూబే ముందు మాట్లాడాడు. “నీ చెవి మోసం చేసిందా అన్నా? గంత వయసయిందా నీకు?” నవ్వించాలనే చూశాడు పాపం.

“చెవి మోసం చెయ్యలే,” అన్నాడు ఓదెలు. “నేను చేసిన. డొల్ల అని ఎరికే. మోత మంచిగున్నదని చెప్పలే.”

యాకూబ్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఓదెలు ఎన్నిసార్లు పోయినా ఆ తర్వాత ఇటు తిరగలేదు.

ఓదెలు డాక్టర్ నీలవేణి దగ్గర కూడా అన్నీ చెప్పేశాడు. రవళి తోడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. డాక్టరమ్మ విని, కళ్ళద్దాలు తీసి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది.

“ఆ తల్లి ఎలుక తన తోక తనే కొరుక్కుతింది ఓదెలు గారూ. పెట్టెలో ఇంకేమీ లేదు కదా. కొరకడం, చూడటం, కొరకడం.”

“ఎప్పుడు?”

“మీకు మార్చిన తర్వాత.”

“మరి మాకెందుకు చెప్పలే?”

“మీ అమ్మాయి కాలేజీకి పోతోందని మీ ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. అది వినడానికి నాకు బాగుండింది,” అంది నీలవేణి. ఆమె చదివిన చదువంతా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని అంది, “ఫోనొక్కటే మేత అనుకున్నాను. తర్వాతిది ఏమిటో తెలియని ప్రతిదీ దానికి మేతే. తీసెయ్యాలంటే తిరిగి అమ్మాయికే పెట్టాలి. లేదంటే ఇకనైనా అది పట్టుకున్నదల్లా దాని నుంచి లాగేసుకుంటూ పోవాలి. చివరికి ఎండుతుందని ఇప్పటికీ నా నమ్మకం. ఎన్నాళ్ళకో నాకు తెలియదు.”

“నాకే పెట్టుండ్రి,” అంది రవళి గుమ్మంలోంచి.

“నోర్ముయ్,” అన్నాడు ఓదెలు. అతను కూతుర్ని అంత మాట ఎప్పుడూ అనలేదు.

బాయి లోపలికి పనికిరాడని రాసి ఓదెలును పైన ల్యాంపు రూములో వేశారు. దిగేవాళ్ళకు ల్యాంపు ఇవ్వడం, ఎక్కొచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం. ల్యాంపులన్నీ ఒక్కలాంటివే. అందులో తర్వాతిది అంటూ ఏమీ లేదు. సాయంత్రం ఇంటికొచ్చి గోడకు మొహం పెట్టి కూర్చునేవాడు.

చూడలేక రవళి పక్కన చేరి కాలేజీ కబుర్లు మొదలుపెట్టింది. కెమిస్ట్రీ సారు విగ్గు ఫ్యాను గాలికి కదలడం, బస్సులో కండక్టర్‌కూ కోడిని తెచ్చిన ముసలమ్మకూ తగవు. ఓదెలు మొహం తిప్పాడు. “కోడికి టికెట్ కొట్టిండా మరి?” అన్నాడు.

“కొట్టిండు. ముసల్ది కోడిని సీట్ల కూసోపెట్టింది, టికెట్ తీస్కున్న గద అని.”

ఓదెలు నవ్వాడు. ఎన్నాళ్ళకో. “తర్వాత?”

తండ్రీ కూతుళ్ళు అట్లా కూర్చుని మాట్లాడుకోవడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. ఓదెలు నౌకరీ చేసేవాడు, రవళి చదువుకునేది, మధ్యలో భూలక్ష్మి అన్నం పెట్టేది. ఇప్పుడు భూలక్ష్మి వంటింట్లోంచి చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దేవుడు ఒకటి తీసి ఒకటి ఇచ్చాడనుకుంది.

తర్వాత ఓదెలు బస్టాపు దాకా ఎదురుపోవడం మొదలుపెట్టాడు. రవళి దిగీ దిగగానే, “ఇయ్యాల ఏమయింది?” అన్నాడు. చెప్పింది. “ఇంకొక్కటి చెప్పు.” చెప్పింది. రవళి పుస్తకం తెరిస్తే ఎదురుగా వచ్చి కూర్చునేవాడు. పిల్ల గొంతు బొంగురుపోయింది. జరిగినవి అయిపోతే కల్పించి చెప్పింది. కళ్ళ కింద నల్లబడింది. పరీక్షలో మొదటిసారి తప్పింది, ఆ సంగతి కూడా కథలాగే చెప్పాల్సి వచ్చింది, ఆయన “తర్వాత?” అన్నాడు.

ఒక సాయంత్రం, “ఇగ రేపు చెప్త బాపు, గొంతు నొస్తాంది,” అని లేవబోయింది. ఓదెలు చెయ్యి చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. గాజు చిట్లింది. రవళి విడిపించుకోలేదు. ఆ పట్టు ఆమెకు తెలుసు. ఫోన్ అడిగినప్పుడు అదే పట్టుతో తల్లి చెయ్యి పట్టుకుంది తను.

“బాపు,” అంది. “ఇప్పుడు నేనే నీ ఫోన్‌ను.”

ఓదెలు చెయ్యి చూసుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటిగా తీశాడు. అవి తన వేళ్ళే అయినా ఎవరివో తీస్తున్నట్టే తీశాడు. గాజు గీరుకున్న చోట కూతురి చేతి మీద సన్నగా నెత్తురు కనబడింది.

“నువ్వు నాతోని మాట్లాడకు బిడ్డా,” అన్నాడు.

“ఎన్ని దినాలు?”

“డాక్టర్‌కే తెల్వది. నాకేం తెల్సు? నేను మాట్లాడుమన్నా మాట్లాడకు. ఏడ్చినా మాట్లాడకు. నిన్ను కొట్టినా సరే.”

“నువ్వు కొట్టవు.”

“మీ అమ్మను నువ్వు కొట్టలేదా?”

రవళి తల దించుకుంది. “కొట్టిన.”

“అందుకే.”

“బాపు, నిన్ను ఒక్క మాట అడగాల్నని ఉన్నది. గిదొక్కటే,” అంది రవళి.

అదేం మాటో వినాలని ఓదెలు ఒళ్ళంతా చెవులైంది. “అడగకు,” అన్నాడు.

రవళి అడగలేదు.

కాలనీ వాళ్ళకు కావలసినంత దొరికింది. పిల్ల ఎవడినో ప్రేమించిందనీ, తండ్రి ఒప్పుకోలేదనీ, అందుకే మాటల్లేవనీ అనుకున్నారు. భూలక్ష్మి ఎవరికీ సర్దిచెప్పలేదు. చెబితే మాత్రం ఎవరికి అర్థమవుతుంది? ఆయన ఇంట్లో ఉన్నంతసేపు రవళి పెరటి వరండాలో చదువుకునేది, ఆయన పెరట్లోకి వస్తే ముందు గదిలోకి వచ్చేది. మొదట్లో ఓదెలు తలుపు కొట్టాడు, బతిమాలాడు, ఒకసారి తిట్టాడు కూడా. లోపలి నుంచి ఒక్క మాట రాలేదు. తలుపుకు అవతల ఆ పిల్ల నోట్లో చున్నీ కుక్కుకుని కూర్చుందని భూలక్ష్మికి తెలుసు. ఆయనకు చెప్పలేదు. చెబితే అదీ మేతే.

ల్యాంపు రూము కిటికీ దగ్గర ఒకతను, “ఓదెలన్నా, నీ బిడ్డకు మంచి మార్కులొచ్చినయట గద, పేపర్ల ఫొటో సుత పడ్డదట,” అన్నాడు. ఓదెలు ల్యాంపు అందించి, “జరుగు, వెనక మనుషులున్నరు,” అన్నాడు. ఎన్ని మార్కులని అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. పెరట్లో తల్లీ కూతుళ్ళు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. రవళి గొంతు తగ్గించి తల్లికి ఏదో చెప్పింది. మాటలు వినబడలేదు. భూలక్ష్మి, “నీ పాడుగాను, నిజమేనానే?” అంది. దానికి రవళి నవ్వింది. గొంతు తగ్గించడం మరిచిపోయి, చిన్నప్పుడు నవ్వినట్టు, పకపకా నవ్వింది.

ఓదెలు చెయ్యి అన్నంలోనే ఆగింది. లోపలిది లేచి కూర్చుంది. చిక్కిపోయి ఉంది, మునుపటంత లేదు, కానీ లేచి కూర్చుంది. ఆ పిల్ల ఏం చెప్పి ఉంటుంది? నవ్వు ఆగింది. ఊపిరి పీల్చుకుంటోంది. ఇప్పుడు ఇంకొకటి వస్తుంది.

కంచం వదిలేసి, ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే ఓదెలు లేచాడు. ముందు తలుపు తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి నడిచాడు. క్వార్టర్ల వరస చివరిదాకా, రవళి గొంతు వినబడనంత దూరం పోయి, అక్కడి గోడ నీడలో నిలబడ్డాడు.

రవళి మళ్ళీ నవ్విందో లేదో అతనికి తెలియదు.